ఊతం మావయ్య చేతి సైగ

రేవులో అందరూ ఆయన్ని ఊతం మావయ్య అంటారు. శ్రీమంతుల విహార పడవలు, అవే యాట్లు, దూరాలు పోవాలంటే తమంతట తాము పోవు. బరువులు మోసే పెద్ద ఓడెక్కి దర్జాగా కూర్చుని పోతాయి. నీళ్ల మీద ఎంత వయ్యారం పోయినా, ఓడ డెక్కు మీద పెడితే యాట్ తనంతట తాను నిలబడలేదు. అడుగు సన్నం, పైన బరువు. రెండు వైపులా ఇనుప ఊతాలు పెట్టి, వాటిని డెక్కుకి వెల్డింగ్ చేసి నిలబెట్టడమే మావయ్య పని. నడిసముద్రంలో ఒక్క ఊతం ఊడిందా, ఆ యాట్ పక్కదాని మీద, అది దాని పక్కదాని మీద పడి అన్నీ కట్టగట్టుకుని పోతాయి.

ఊతాలు అతికేదాకా బరువంతా క్రేను బెల్టుల మీదే ఉంటుంది. వదలమని సైగ చేసే హక్కు మావయ్య ఒక్కడిదే. ఆయన చెయ్యి దించితే క్రేను వదిలెయ్యాలి, ఎదురు ప్రశ్న ఉండకూడదు. ఆ పనిలో కట్టుబాటు అది.

ఆ క్రేను నడిపేది సొంత అల్లుడే. కానీ ఇద్దరికీ మాటల్లేవు. ఏ ఆస్తి తగాదానో అనుకునేరు, ఏమీ లేదు. కూతురింట్లో భోజనాల దగ్గర అల్లుడు, "మావయ్యా, ఈ ఎండలో ఇంకెన్నాళ్లండీ? హాయిగా ఇంటిపట్టున ఉండరాదూ" అన్నాడు. అంతే! కంచం ముందు నుంచి లేచిపోయాడు మహానుభావుడు. "నన్ను ముసలాణ్ణంటాడా!" అని అలిగి ఆ గడప తొక్కడం మానేశాడు. మధ్యలో కూతురి పని అడకత్తెరలో పోకచెక్కయింది. పనిలో వాకీటాకీ నడుముకి వేలాడుతున్నా దాంట్లో అల్లుడితో ఒక్క ముక్క మాట్లాడడు. ఏం చెప్పినా చేత్తోనే. కొండెక్కి కూర్చున్న మనిషిని దింపడం ఎవరి తరం చెప్పండి?

ఆ రోజు చివరి యాట్ ఎక్కిస్తున్నారు. ఎండ మాడ్చేస్తోంది. ఎడమవైపు చివర రెండు ఊతాలకి తాత్కాలికంగా వేసే టాకాలు మాత్రమే పడ్డాయి, పూర్తి వెల్డింగ్ ఇంకా కాలేదు. యాట్ అడుగున చెక్క దిమ్మెలు సర్దుతూ మావయ్య జతగాడున్నాడు. ఎంత ఇరుకులోనైనా దూరతాడని అతన్ని పిల్లి అంటారు. మావయ్య నడుం పట్టేసి ఒక్క నిమిషం ఆగాడు. సరిగ్గా అప్పుడే వాకీటాకీలో అల్లుడి గొంతు వినిపించింది.

"మావయ్యా, అలిసిపోయారా? ఎవరినైనా సాయం పంపమంటారా?"

పాపం, ప్రేమగానే అడిగాడు. మావయ్యకి మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. పైకి కూడా చూడలేదు. పనైపోయిందన్నట్టు చెయ్యెత్తి దించేశాడు.

బెల్టులు కొంచెం వదులయ్యాయో లేదో, చివరి ఊతం ఫట్టుమని ఊడి డెక్కు మీద దొర్లింది. యాట్ ఒరిగింది. "ఆపండ్రోయ్!" అని నలుగురూ ఒక్కసారి అరిచారు. మావయ్యకి పైప్రాణాలు పైనే పోయాయి. ఒరిగిన యాట్ ఎందుకోగాని అక్కడే ఆగిపోయింది. దాని కింద నుంచి పిల్లి పాక్కుంటూ బయటికొచ్చి, డెక్కు మీద కూర్చున్నాడు. "ముగ్గురు పిల్లలున్నార్రా నాకు" అన్నాడు, ఎవరితో అంటున్నాడో తెలియకుండా.

మావయ్య నడుముకున్న వాకీటాకీ తీశాడు. ఎన్నాళ్లకో అల్లుడితో మాట్లాడాడు.

"నేను వదలమన్నాను కదా. వదల్లేదేం?"

"ఆ చివర వెల్డింగ్ పొగ లేవడం నాకు కనిపించలేదు మావయ్యా. అందుకే కాస్త వదిలి ఊరుకున్నా. బరువింకా క్రేను మీదే ఉంది."

"అనుమానం వస్తే అడగొచ్చుగా!"

గరగరల మధ్య అల్లుడి గొంతు వచ్చింది.

"ఒక్క మాట అడిగినందుకే చెయ్యి దించేశారు. మళ్లీ అడిగితే ఏం చేస్తారోనని భయమేసింది."

మావయ్య సిగ్గుతో తలదించుకున్నాడు. తిన్నగా పని చూసే మేస్త్రీ దగ్గరికెళ్లి, "తప్పు నాదే. క్రేను అబ్బాయిని ఒక్క మాటనకు. ఈ పూట నుంచి సైగ నా చేతిలో వద్దు" అన్నాడు.

"మరెవరు చేస్తారు?" అన్నాడు మేస్త్రీ.

"పిల్లి. నేను కింద దూరతాను."

క్రేను యాట్‌ని మళ్లీ నిటారుగా లేపింది, ఇద్దరు మనుషులు కొత్త ఊతం తెచ్చి నిలబెట్టారు. ఈసారి దాన్ని కింద లోపలివైపు నుంచి కూడా అతకాలి. ఈ వయసులో ఆ ఇరుకులోకి దూరడం అంత తేలికా? మోచేతులు గీసుకుపోయాయి. వెల్లకిలా పడుకుని పైకి చూస్తే ముక్కుకి జానెడు దూరంలో యాట్ అడుగు, దాని వెనక ఆ బరువంతా. పిల్లి రోజూ చూసేది ఇదేనన్నమాట. మావయ్య వెల్డింగ్ ముట్టించకుండా వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"అల్లుడూ, నాకు భయంగా ఉందిరా. గట్టిగా పట్టుకో."

"పట్టుకునే ఉన్నా మావయ్యా. మీరు నిదానంగా కానివ్వండి."