మధ్యలో నిలబడ్డ అక్క

మొన్న పాప కీటాలో, అంటే ఇక్కడి చిన్నపిల్లల బడిలో, అమ్మానాన్నలు పెళ్ళికి ముందు ఎలా ఉండేవారో చూపించే ఫొటో ఒకటి పంపమన్నారు. అదెంత పని అనుకుని ఫోన్ తీశానా, ఎంత వెతికినా మేమిద్దరమే ఉన్నది ఒక్కటీ లేదు. ప్రతి దాంట్లోనూ నాకూ మా ఆయనకీ మధ్య పసుపు స్వెట్టర్లో నవ్వుతూ అక్క. ఈవిడెవరని పాప జర్మన్లో అడిగింది. ముందు అన్నం తిందువుగాని రమ్మన్నాను.

అక్కంటే సొంత అక్క కాదు. కొలోన్‌లో నాతో కలిసి ఒకే ఇంట్లో అద్దెకున్న కరీంనగర్ మనిషి, నాకన్నా కాస్త పెద్దది, నాలాగే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. మా ఆయనది కొలంబియా. మన ఈడు వాళ్ళకి చెప్పక్కర్లేదు గాని, ముప్పై దాటి, పరాయి దేశంలో సొంత సంపాదన మీద బతుకుతున్నా, ఫొటో అనగానే ఎవరి కంట పడుతుందోనని గుండె దడదడలాడే తరం మనది. ఇంటి దగ్గర చెల్లికి సంబంధాలు చూస్తున్నారు, నా సంగతి తెలిస్తే అవి చెడతాయని భయం. పైగా బెర్లిన్‌లో ఉన్న పెదనాన్నగారబ్బాయి, ఎవరి ఫొటో కనిపించినా కుటుంబం గ్రూపులోకి తోసేసే మహానుభావుడు! అందుకని ఎక్కడ ఫొటో దిగినా అక్కను మధ్యలో నిలబెట్టేవాళ్ళం. రైన్ వంతెన మీద, జంటలు పేర్లు చెక్కించి తాళాలు వేసే చోట కూడా మధ్యలో అక్కే. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు అలా రోజులు గడిచిపోయాయి.

ఇంతలో తండ్రికి ఒంట్లో బాగాలేదని ఆయన వాళ్ళ దేశం వెళ్ళడం, కరోనా వచ్చి విమానాలు ఆగిపోవడం, ఎక్కువకాలం బయట ఉండిపోయినందుకు ఇక్కడి పర్మిట్ చెల్లకుండా పోవడం వరసగా జరిగాయి. మొదట పెళ్ళయినవాళ్ళనే రానిస్తామన్నారు, తర్వాత పెళ్ళి కాకపోయినా పాత బంధమని రుజువు చూపిస్తే ఆలోచిస్తామన్నారు. ఆ రోజుల్లో నేను ఏడవలేదు. ఇప్పటికీ అదే విడ్డూరం నాకు. కెమెరా ఆపేసి మీటింగుల్లో కూర్చునేదాన్ని, పప్పన్నంలో ఉప్పు వేశానో లేదో తెలియకుండానే తినేసేదాన్ని, ఆయన వీడియోలో కనిపిస్తే అక్కడ వానలెలా ఉన్నాయని అడిగేదాన్ని. అక్కే తిట్టేది, "ఏందే గిట్ల మొద్దుబారినవ్? ఏడ్వనన్న ఏడ్వరాదే!" అని.

ఎట్టకేలకు విదేశీయుల ఆఫీసులో టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, దొరికింది. ఒక్కరినే లోపలికి రానిచ్చేవారు గనక అక్క తలుపు దగ్గర ఆగిపోయింది. అద్దం వెనక మాస్కు పెట్టుకున్న ఆవిడ ఫొటోలన్నీ ఓపిగ్గా తిప్పి చూసి, మర్యాదగానే, ఇతని పక్కన ప్రతిసారీ ఉన్నది మీరు కాదు గదా, ఇంతకీ ఇతను ఎవరి మనిషి అని అడిగింది. చెల్లి సంబంధాలు, అన్నయ్య గ్రూపు, ఇదంతా జర్మన్లో ఎక్కణ్ణుంచి మొదలుపెట్టను? తలుపు దగ్గరనుంచి అక్క, "నడిమిట్ల నిలవడ్డది నేనే గదా, నేనే చెప్త తియ్" అంటూ, ఆవిడ అనుమతి అడిగి లోపలికొచ్చింది. మాస్కు ఒక్క క్షణం దించి మొహం చూపించి, వీళ్ళమ్మకు తెలియకూడదని ప్రతిసారీ నన్ను అడ్డం పెట్టుకున్నారు, నేను వీళ్ళ గోడను అని తనకొచ్చిన జర్మన్లో చెప్పి, అదే రాసి సంతకం పెట్టింది. అద్దం వెనకావిడ నవ్వినట్టే ఉంది గాని మాస్కులో తెలియలేదు.

ఆయనకి వీసా వచ్చేలోపు అక్క ఉద్యోగం పోయింది. మమ్మల్ని ఇక్కడ ఉండనిచ్చే బ్లూ కార్డు ఉద్యోగానికి ముడిపడిన వ్యవహారం, ఇంకోటి వెతుక్కోమని ఇచ్చిన గడువులో ఎవరూ మనుషుల్ని తీసుకోవడం లేదు. మా కోసం తను సాక్ష్యం చెప్పింది, తన కోసం చెప్పడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది. ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయంలో పసుపు స్వెట్టర్ విప్పి నా చేతిలో పెట్టి, "ఆడ ఎండలకు గిదెందుకే" అని లోపలికెళ్ళిపోయింది. అప్పుడూ నాకు ఏడుపు రాలేదు. తర్వాతి వారం ఆయన అక్కడే దిగాడు. అంతకాలం ఎదురుచూసినవాళ్ళం పరుగెత్తి కావలించుకోవాలి కదా! మధ్యలో ఒక మనిషి పట్టేంత ఎడంగా నిలబడి, ప్రయాణం బాగా జరిగిందా అని మాట్లాడుకున్నాం.

తర్వాత చెల్లి పెళ్ళి, మా పెళ్ళి, అమ్మ అలగడం, పాప పుట్టగానే దిగిరావడం, అన్నీ అందరిళ్ళలో జరిగేవే. అక్క మొదట్లో ఆదివారాలు ఫోన్ చేసేది, తర్వాత పండగలకి, ఇప్పుడు పుట్టినరోజుకి ఒక పువ్వు బొమ్మ వస్తుంది. నేనూ ఒక పువ్వు పంపుతాను.

వంతెన ఫొటోలోంచి మధ్య మనిషిని తీసేయడం ఇప్పుడు చిటికెలో పనని మా ఆయన ఫోనులో చేసి చూపించాడు. నిజమే, అక్క ఉన్నచోట నది వచ్చేసింది. వద్దని చెప్పి అసలు ఫొటోనే పాప సంచిలో పెట్టి, ఈవిడ మీ పెద్దమ్మ అన్నాను. పెద్దమ్మయితే మనింటికి ఎందుకు రాదని అడిగింది. రావాలంటే వీసా కావాలమ్మా అన్నాను. ఈ రోజుల్లో ఎవరూ ఎవర్నీ అడ్డం పెట్టుకోనక్కర్లేదు, మంచిదే. మొగుడూ పెళ్ళాలకి వీసా ఉంది, పెళ్ళికాని జంటలకీ దారి దొరికింది. మధ్యలో నిలబడ్డవాళ్ళకి ఏ వీసా ఇస్తారో నాకు తెలియదు.