మిరప బస్తాలో ఫోను

మా పక్కింటి వెంకటేశ్వరమ్మ నోటికి కూలీలంతా జడిసేవాళ్ళు. కల్లంలో మిరపకాయలు ఏరేటప్పుడు ఒక్క తెల్లబారిన తాలుకాయ ఎర్రకాయల్లో కలిసినా చాలు, ఏరినవాళ్ళ ఏడు తరాలనూ తిట్టిపోసేది. ఆ మనిషి ఇప్పుడు మాట్లాడితే పక్కన కూర్చున్న నాకే వినపడటం లేదు.

అంతా కూతురు భవ్య గురించిన దిగులు. పదో తరగతి పిల్ల. ఏడాదిగా దానికి ఫోనే లోకం. స్నానం లేదు, జడ లేదు, బడి కూడా మానేసింది. పిలిస్తే పలకదు, పలికితే కసురుతుంది. తండ్రి చెంచయ్య కొట్టి చూశాడు. తల్లి ఫోనును బియ్యం డబ్బాలో దాచింది, అటక మీద పెట్టింది, మా ఇంట్లోనూ ఉంచింది. ఎక్కడ దాచినా పిల్ల పట్టేసింది.

చివరికి వెంకటేశ్వరమ్మ ఫోను ఆపేసి, కల్లంలో నింపుతున్న మిరప బస్తాలో కూరేసింది. ఆ ఘాటులో ఎవరు చెయ్యి పెడతారు? నాలుగు రోజులాగి తీద్దామనుకుంది. మర్నాడు ఆమె కూలీలను పిలవడానికి వెళ్ళినప్పుడు, లారీ దొరికిందని చెంచయ్య బస్తాలన్నీ గుంటూరు కోల్డ్ స్టోరేజీకి ఎత్తించేశాడు. ధర వచ్చి అమ్ముకునేదాకా అవి ఇక కిందికి దిగవు.

"పోతే పోయిందిలే, పీడా విరగడైంది" అన్నాడు చెంచయ్య.

సంగతి తెలిసి కూడా భవ్య నమ్మలేదు. కల్లంలో మిగిలిన తాలుకాయల కుప్పను మోచేతుల దాకా కెలికింది. చేతులు మంటెత్తి వాచిపోయాయి. తల్లి మజ్జిగ పోస్తుంటే "అమ్మా, నాతో మాట్లాడేవాళ్ళంతా అందులోనే ఉన్నారే" అని ఏడ్చింది. ఆ తర్వాత ఏడవడం కూడా మానేసి గోడకు తిరిగి పడుకుంది. అన్నం ముట్టలేదు.

"డాక్టరుకు చూపిద్దామయ్యా" అంది వెంకటేశ్వరమ్మ.

"పిచ్చిదని పేరు పడితే రేపు దాన్ని ఎవడు చేసుకుంటాడే?"

ఏం మనిషో! పిల్లే లేకుండా పోతే పెళ్ళి ఎవరికి చేస్తాడట? పోనీ నేను తీసుకెళ్తానంటే పిల్ల గడప దాటదు. ఆ సాయంత్రం వెంకటేశ్వరమ్మ పురుగుమందు డబ్బాలన్నీ తెచ్చి మా ఇంట్లో పెట్టింది. "నీ దగ్గరుంచు వదినా, నాకు భయంగా ఉంది" అంది. వాటిని బీరువాలో పెట్టి తాళమేశాను.

మర్నాడు ఆమె గుంటూరు పోయి కోల్డ్ స్టోరేజీవాళ్ళ కాళ్ళావేళ్ళా పడింది. మీ బస్తాలు పై అంతస్తులో వేరేవాళ్ళ సరుకు వెనక ఉన్నాయి, దించడం కుదరదన్నారు. ఉత్త చేతులతో ఇంటికొచ్చేసరికి భవ్య గోడవైపు నుంచి ఇటు తిరిగింది.

"దొరికిందా?"

"ఇంకా కొన్ని బస్తాలు చూడాలమ్మా. రేపు దొరుకుద్ది. నువ్వు రెండు ముద్దలు తిను."

పిల్ల తింది.

అప్పట్నుంచి వెంకటేశ్వరమ్మ రోజూ పొద్దున్నే బస్సెక్కుతుంది. గుంటూరు దాకా పోదు. దారిలో సత్తెనపల్లి బస్టాండులో సాయంత్రం దాకా కూర్చుని, వచ్చి అదే అబద్ధం చెబుతుంది. ఆ రెండు ముద్దల మీదే పిల్ల ప్రాణం నిలిచి ఉంది.

నిన్న చెంచయ్య హుషారుగా వచ్చాడు. ధర కదిలిందట, ఇంకాస్త పెరిగితే అమ్మేస్తాడట. కొన్నవాళ్ళు బస్తాలు విప్పకుండా అట్నుంచటే లారీకెత్తుకుపోతారట. ఊరంతా ఆ ధర కోసమే దేవుళ్ళకు మొక్కుతోంది. వెంకటేశ్వరమ్మ మాత్రం మా వంటింట్లోకి వచ్చి నా చేతులు పట్టుకుంది.

"పెరగకూడదు వదినా. బస్తాలు అమ్ముడుపోతే ఇంక ఏం చెప్పి దానికి అన్నం పెట్టను?"