పొగమంచు నెలల్లో ఏడు కిలోలు

నేను రిటైరవడానికి నాలుగేళ్ళ ముందు, నవంబరు నెల మొదటి సోమవారం నాడు, నన్ను వారానికి మూడు రోజులు మా ఆసుపత్రి కిడ్నీ విభాగంలో పనిచేయమని ఆర్డరు ఇచ్చారు. విజయవాడలో ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో నేను అప్పుడు సీనియర్ ఫిజియోథెరపిస్టుని. అంతవరకూ నా ఉద్యోగమంతా ఎముకల వార్డులోనూ ఐసీయూలోనూ గడిచింది. తుంటి ఎముక విరిగినవాళ్ళని మళ్ళీ నిలబెట్టడం, వెంటిలేటరు తీసేసినవాళ్ళ చేత ఊపిరి వ్యాయామాలు చేయించడం నాకు అలవాటైన పనులు. ఇక్కడ అప్పజెప్పింది వేరు. కిడ్నీ ఇవ్వబోయే దాతల్ని ఆపరేషనుకు సిద్ధం చేయాలి. అంటే జబ్బు లేని మనిషికి వ్యాయామం నేర్పాలి.

దాతను ఖాయం చేయడానికి ఒక వరస ఉంటుంది. బ్లడ్ గ్రూపు, దాత రక్తాన్ని రోగి రక్తంతో కలిపి చూసే క్రాస్ మ్యాచ్, కిడ్నీల పనితీరు, స్కానింగు, బీపీ, షుగరు. ఇవన్నీ దాటాక బరువు. ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్కని బీఎమ్ఐ అంటారు. అది ముప్పైకి లోపు లేకపోతే మా సర్జన్ గారు దాతను థియేటర్లోకి రానిచ్చేవారు కాదు. లావుగా ఉన్నవాళ్ళకి మత్తు ఇవ్వడంలో చిక్కులుంటాయి, కోత త్వరగా మానదు, మిగిలిన ఒక్క కిడ్నీ మీద జీవితాంతం బరువు పడుతుంది. ఈ ఒక్క విషయంలో ఆయన ఎవరి సిఫారసూ వినేవారు కాదు. అందులో తప్పుపట్టాల్సింది నాకేమీ కనపడలేదు.

నాకు మొదట వచ్చిన దాత పేరు శివపార్వతి. నలభై ఎనిమిదేళ్ళు. ఉయ్యూరు దగ్గర ఒక పల్లెటూరు. భర్త కోటేశ్వరరావు గారు చెరుకు రైతు, రెండేళ్ళుగా డయాలసిస్ మీద ఉన్నారు. మంగళ, గురు, శనివారాల్లో తెల్లవారుతూనే ఆటోలో ఉయ్యూరు వచ్చి, అక్కణ్ణించి బస్సెక్కి, ఏడున్నరకల్లా మా ఆసుపత్రిలో ఉండేవారు. ఇద్దరి బ్లడ్ గ్రూపూ ఒకటే. పరీక్షలన్నీ బాగా వచ్చాయి. బరువు మాత్రం డెబ్భై ఆరు కిలోలు. ఆమె ఎత్తుకి అరవై తొమ్మిది ఉండాలి. ఏడు కిలోలు తగ్గాలి, ఫిబ్రవరి మధ్యలో మళ్ళీ చూస్తామని గడువు పెట్టారు.

మొదటి రోజు ఆమె బరువు మిషను ఎక్కే ముందు చేతులకున్న గాజులు ఒక్కొక్కటే తీసి నా టేబుల్ మీద పెట్టింది.

"వీటి బరువు ఎంతుంటదండీ, పర్లేదు ఉంచుకోండి," అన్నాను.

"ఎంతో కొంత తగ్గుద్ది కదండీ మేడమ్," అంది.

ఈ బరువు ఎప్పుడు పెరిగిందని అడిగితే ఆమె సిగ్గుపడకుండా చెప్పింది. భర్త జబ్బు పడక ముందు రెండు గేదెలు, పొలం పనీ ఉండేవి. గేదెల్ని అమ్మేశారు, పొలం కౌలుకిచ్చారు. అప్పట్నించీ ఆమె ఆసుపత్రుల్లో కుర్చీల మీద కూర్చునే ఉంది. ఆయనకి ఉప్పు తగ్గించి వండిన కూర ఆయన రెండు ముద్దలు తిని పక్కన పెడితే, పారేయలేక అదీ తనే తినేది. ఏ ఒక్క రోజూ ఎక్కువ తిన్నట్టు అనిపించలేదట.

నేను నా దగ్గరున్న అచ్చు కాగితం తీసిచ్చాను. రోజూ తెల్లవారుజామున నలభై ఐదు నిమిషాలు చురుగ్గా నడవాలి. నడిచే ముందు ఇంట్లోనే పది నిమిషాలు చేతులూ కాళ్ళూ ఆడించి ఒళ్ళు వెచ్చబరుచుకోవాలి. చలిగాలి నేరుగా పీల్చకుండా ముక్కుకీ నోటికీ పల్చటి గుడ్డ కట్టుకోవాలి. చలికాలంలో దాహం తెలియదు కాబట్టి గుర్తు పెట్టుకుని నీళ్ళు తాగాలి. ఆహారం సంగతి డైటీషియన్ చూసుకున్నారు. ఆమె అన్నిటికీ తలూపి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. ఆమెతో డయాలసిస్ హాల్లోకి వెళితే, కోటేశ్వరరావు గారు కుర్చీలోంచే, "దాన్ని మరీ నీరసపెట్టకండి మేడమ్. నాకోసం రెండేళ్ళనించీ పడతానే ఉంది," అన్నారు.

నవంబరు నెలాఖరుకి రెండు కిలోలు తగ్గింది. నాకు సంతోషంగానే ఉంది. డిసెంబరులో మంచు మొదలైంది. మా వైపు చలి అంటే బయటివాళ్ళు నవ్వుతారు. కానీ కృష్ణ ఒడ్డునున్న ఊళ్ళలో, కాలవల పక్కన, ఆ నెలల్లో తెల్లవారేసరికి నాలుగు బారల అవతల ఏముందో కనపడదు. జనం తలుపులేసుకుని కూర్చుంటారు. వేడివేడిగా ఏదైనా తినాలనిపిస్తుంది, కదలాలనిపించదు. చలికాలంలో చాలామంది బరువు పెరగడానికి ఇంతకన్నా వేరే కారణం అక్కర్లేదు. శివపార్వతి బరువు మూడు వారాలు డెబ్భై నాలుగు దగ్గర ఆగింది. ఆ తర్వాత అరకిలో పెరిగింది.

నడుస్తున్నారా అని అడిగిన ప్రతిసారీ "నడుస్తన్నానండీ" అనేది. నేను నమ్మలేదు. జనవరి మొదటి శనివారం ఆమె ఫైల్లో ఒక వాక్యం రాశాను: దాత వ్యాయామ సూచనలు పాటించడం లేదు. ఫిజియోథెరపిస్టు రాసే మాటకి అంత విలువ ఉంటుందని ఎముకల వార్డులో నాకు ఎప్పుడూ అనిపించలేదు. ఇక్కడ ఉంది. సోమవారం జరిగే ట్రాన్స్‌ప్లాంట్ మీటింగులో సర్జన్ గారు ఆ వాక్యం చదివి, వేరే దాత ఎవరైనా ఉన్నారేమో కుటుంబాన్ని అడగమని కోఆర్డినేటరుకి చెప్పారు. దాతలకీ డాక్టర్లకీ మధ్య కాగితాలన్నీ చూసే ఉద్యోగిని కోఆర్డినేటర్ అంటారు. కోటేశ్వరరావు గారి తమ్ముడికి షుగరు. పెళ్ళయిన కూతురికి అప్పుడు ఆరో నెల. వేరే ఎవరూ లేరు. అదే వారంలో ఆయన చేతిలో డయాలసిస్ కోసం రెండు రక్తనాళాలు కలిపి చేసిన ఫిస్టులాలో రక్తం గడ్డకట్టింది. మెడలో గొట్టం వేయాల్సి వచ్చింది. మెడ గొట్టంతో ఎక్కువ కాలం నెట్టుకురావడం ప్రమాదం.

ఆ మరుసటి గురువారం నేను శివపార్వతికి ఆరు నిమిషాల నడక పరీక్ష పెట్టాను. ముప్పై మీటర్ల కారిడార్‌లో ఈ చివరా ఆ చివరా గుర్తులు పెట్టి, ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడవగలరో కొలిచే మామూలు పరీక్ష. నవంబరులో నాలుగు వందల పది మీటర్లు నడిచింది. రెండు నెలలు నడక చేసిన మనిషి అంతకన్నా ఎక్కువ నడవాలి. నాలుగో నిమిషంలో గోడ పట్టుకుంది. చెయ్యి పట్టుకుని చూస్తే చల్లగా ఉంది, చెమట పట్టింది. కుర్చీలో కూర్చోబెట్టి వేలి మీద సూది గుచ్చి షుగరు చూశాను. బాగా పడిపోయింది. గ్లూకోజు తాగించాను.

ఎప్పుడు తిన్నారని అడిగాను. ఖాళీ గ్లాసు నా చేతికిచ్చింది. మళ్ళీ అడిగాను.

"నిన్న పొద్దున రెండిడ్లీ తిన్నానండీ."

"మరి మధ్యాహ్నం? రాత్రి?"

"బరువు చూస్తారు కదండీ ఇయ్యాళ."

అప్పుడు ఒక్కొక్కటే బయటికొచ్చింది. నవంబరంతా నిజంగానే నడిచింది. డిసెంబరులో చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు ఆడటం జోరందుకుంది. వాళ్ళ ఊరి మీదుగా తెల్లవారక ముందునించే చెరుకు ట్రాక్టర్లు పోతాయి. వెనక తగిలించిన ట్రక్కుకి రెండువైపులా చెరుకు గడలు రోడ్డు మీదికి చాచుకుని ఉంటాయి, వెనక లైటుండదు.

"మంచులో ట్రాక్టరు మీదకొచ్చేదాకా కనపడదండీ. ఓ రోజు గడలు భుజానికి కొట్టుకుని పక్కనున్న బోదెలో పడ్డాను. నాకేమన్నా అయితే ఆయనకి కిడ్నీ ఎవరిస్తారండీ? అందుకని మానేశా. మానేశానంటే మీరు నా పేరు కొట్టేస్తారని నడుస్తన్నానని చెప్పా. నడక బదులు తిండి మానేస్తే సరిపోద్దనుకున్నా."

మరి పెరిగిందేమిటని అడగాల్సిన పని లేకపోయింది. రెండు రోజులు పస్తుండి, మూడో రోజు ఆకలి ఆగక ఏది కనపడితే అది తినేది. కదలిక లేదు. బరువు తగ్గకపోగా కండ తగ్గింది. చేయిపట్టుకుని నిలబెట్టాల్సినవాళ్ళని ముప్పై ఏళ్ళు చూసిన నాకు, ఎదురుగా ఉన్న మనిషి బలం తగ్గుతోందని కనపడలేదు. నేను మిషను మీద అంకె ఒక్కటే చూశాను.

మధ్యాహ్నం ఎండ వేళ నడవచ్చు కదా అన్నాను. అక్కడ ఇంకో చిక్కుంది. డిసెంబరులో ఒకసారి అలా బయల్దేరితే పక్కింటావిడ, "మొగుడు మంచానుంటే ఈవిడకి షికార్లు కావాలంట," అందట. ఆ మాటతో మళ్ళీ గడప దాటలేదు.

ఆ రోజు డయాలసిస్ హాల్లో, ఆమె భర్త ముందే, మేం ముగ్గురం కూర్చుని కొత్త ఏర్పాటు చేసుకున్నాం. తెల్లవారుజాము నడక పూర్తిగా తీసేశాం. వారానికి మూడు రోజులు ఆమె ఎలాగూ మా దగ్గరే నాలుగేసి గంటలు ఉంటుంది. మా భవనంలో నేల నించి నాలుగో అంతస్తుదాకా స్ట్రెచర్లు తోసుకుపోయే ర్యాంపు ఉంది. చలిగాలి తగలదు, ట్రాక్టర్లు రావు. మొదట రెండుసార్లు ఎక్కి దిగడం, వారం వారం ఒకటి పెంచడం. అయితే రోగుల బంధువులు వెయిటింగ్ హాలు దాటి తిరగకూడదని ఆసుపత్రి నియమం. మెడికల్ సూపరింటెండెంటు గారికి దరఖాస్తు రాసి, ఆమె పేరు మీద అనుమతి తీసుకుని, ఒక కాపీ సెక్యూరిటీ వాళ్ళకిచ్చాను. మిగిలిన రోజుల్లో మధ్యాహ్నం మూడు గంటలకి కాలవ గట్టు మీద నడక, మూడుపూటలా వేళకి భోజనం.

"మరి పక్కింటావిడ అన్న మాట?" అని అడిగాను.

కోటేశ్వరరావు గారు కళ్ళు తెరిచి, "అది నాకొదిలెయ్యండి," అన్నారు.

ఆయన ఏం చేశారో తర్వాత శివపార్వతే చెప్పింది. ఆమె బయల్దేరే వేళకి మెడకి మఫ్లరు చుట్టుకుని, కుర్చీ వేయించుకుని వాకిట్లో కూర్చునేవారట. ఎవరు పలకరించినా, "మా పార్వతి నాకు కిడ్నీ ఇవ్వాలని నడుస్తంది. బరువు తగ్గితేగాని తీసుకోరంట," అని చెప్పేవారట. వారం తిరిగేసరికి ఆ సంగతి ఊరంతా తెలిసింది. పక్కింటావిడ మళ్ళీ ఏమీ అనలేదు. క్షమించమని మాత్రం అడగలేదు.

నేను చేయాల్సిన పని ఇంకొకటి మిగిలింది. ఆసుపత్రి రికార్డులో రాసినదాన్ని చెరిపేయడానికి వీల్లేదు. తప్పు వాక్యం మీద చదవడానికి వీలుగా ఒక్క గీత గీసి, పక్కన తేదీ వేసి సంతకం పెట్టి, కింద సరైనది రాయాలి. అలాగే చేశాను. సోమవారం మీటింగులో సర్జన్ గారు ఆ గీత చూపించి, ఇదేమిటని అడిగారు. నేను అడగకుండా రాశాను, ఆమెకి నడవడానికి దారి లేదు, తప్పు నాది అని చెప్పాను. గదిలో ఎనిమిది మంది డాక్టర్లున్నారు. నా సర్వీసులో అలాంటి మాట అంతమంది ముందు చెప్పడం అదే మొదలు. ఆయన ఫైలు మూసి, ఫిబ్రవరి గడువు మీద ఇంకో నాలుగు వారాలు ఇస్తాను, బరువు దిగకపోతే మాత్రం మళ్ళీ అడగొద్దు అన్నారు.

ఫిబ్రవరి మొదటి వారానికి ఆమె ర్యాంపు ఐదుసార్లు ఎక్కి దిగేది. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, స్ట్రెచరు వస్తే గోడకి తప్పుకుంటూ, గొణుక్కుంటూ లెక్కపెట్టుకునేది. బరువు వారానికి కిలోకి కాస్త తక్కువగా దిగింది. ఒక వారం అసలు దిగలేదు. ఆ వారం నడక పరీక్షలో నాలుగు వందల అరవై మీటర్లు నడిచింది కాబట్టి నేను కంగారుపడలేదు, ఆమెనీ పడనివ్వలేదు. ఈలోగా కోటేశ్వరరావు గారికి మెడ గొట్టం దగ్గర చీము పట్టి, చలిజ్వరంతో వారం రోజులు వార్డులో ఉన్నారు. ఆ వారం ఆమె తిండి మళ్ళీ తప్పుతుందేమోనని నేనే మధ్యాహ్నం క్యాంటీనుకి తీసుకెళ్ళి ఎదురుగా కూర్చునేదాన్ని.

మార్చి మొదటి మంగళవారం మిషను అరవై ఎనిమిది కిలోల ఎనిమిది వందలు చూపించింది. ఆమె నమ్మక దిగి మళ్ళీ ఎక్కింది.

ఆపరేషనుకి ముందు అనుమతి కమిటీ దాతను భర్త లేకుండా విడిగా కూర్చోబెట్టి మాట్లాడుతుంది. ఇష్టపడే ఇస్తోందా, ఎవరైనా ఒత్తిడి చేశారా అని అడగడం చట్టం ప్రకారం తప్పనిసరి. నివేదిక ఇవ్వడానికి నేనూ ఆ గదిలో ఉన్నాను. ఎవరన్నా బలవంతపెట్టారా అమ్మా అని ఛైర్మన్ గారు అడిగితే, ఆమె నా వైపు చూపించి, "ర్యాంపు ఎక్కమని ఈ మేడమ్ గారు బలవంతపెట్టారండీ. కిడ్నీ సంగతి మాత్రం నేనే అనుకున్నా," అంది. అందరూ నవ్వారు. అనుమతి వచ్చింది.

ఆపరేషను మార్చి చివర్లో జరిగింది. కిడ్నీ టేబుల్ మీదే పనిచేయడం మొదలుపెట్టిందని సర్జన్ గారు చెప్పారు. మర్నాడు పొద్దున శివపార్వతిని మంచం దింపి నడిపించే పని నాదే. నాలుగడుగులకే నొప్పితో కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అయినా భర్తని ఉంచిన గది అద్దం దాకా నడుస్తానంది. నడిచింది. ఆరో రోజున ఇంటికి పంపాం.

ఆ మరుసటి డిసెంబరులో దంపతులిద్దరూ రివ్యూకి వచ్చారు. ఈసారి బరువు పెరిగింది కోటేశ్వరరావు గారికి. కొత్త కిడ్నీని ఒళ్ళు తిప్పికొట్టకుండా వాడే స్టెరాయిడ్ మందులు విపరీతమైన ఆకలి పుట్టిస్తాయి. కిడ్నీ డాక్టరు ఆయన్ని నా దగ్గరికి పంపారు. పొద్దున ఎన్నింటికి లేస్తారు, ఆ వేళకి రోడ్డు మీద ఏం తిరుగుతాయి, ఇంట్లో నీడపట్టున ఎంత జాగా ఉంది, మధ్యాహ్నం ఎవరుంటారు, ఊళ్ళో ఎవరేమంటారు అని ముందు ఇవన్నీ అడిగాను. ఆయన విసుగు లేకుండా జవాబులు చెబుతుంటే, శివపార్వతి పక్కనుండి రెండు చోట్ల దిద్దింది. ఎంతసేపు నడవాలో ఆ తర్వాతే రాశాను.

మనుషులు చెప్పినట్టు చేయకపోవడానికి బద్ధకం ఒక కారణం మాత్రమే. అది తరచు ఉండే కారణం కూడా కాదని రిటైరయ్యేలోగా నాకు రుజువైంది. ఒకరు సూచనలు పాటించడం లేదని రాయడానికి ఒక నిమిషం పడుతుంది. ఎందుకు పాటించలేకపోతున్నారో తెలుసుకోవడానికి అరగంట కావాలి. మా వృత్తిలో ఆ అరగంట కూడా చికిత్సలో భాగమే.