పంపే ప్రార్థన

ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. నాన్నగారు కొల్లేటిలోకి వెళ్ళిన ఆ వారమంతా, నేను కళ్ళు మూసుకుంటే దేవుడు పలకలేదు.

పలకడమంటే గొంతు వినిపిస్తుందని కాదు. పక్క గదిలో మనిషి ఉంటే, మాట్లాడకపోయినా ఉన్నట్టు మనకి తెలుస్తుంది కదా. చిన్నప్పటినుంచీ నాకు దేవుడు అలాగే తెలుసు. ఏలూరులో ట్రైనింగ్ స్కూలు హాస్టల్లో ఉన్నప్పుడు, నూతి దగ్గర బట్టలు ఉతుక్కుంటూ లోలోపల ఆయనతో కబుర్లు చెప్పేదాన్ని. పప్పు మాడిన సంగతి, పుస్తకంలో ఎవరి కథ చదివి ఏడుపొచ్చిందో ఆ సంగతి, వార్డెను గారంటే ఎంత భయమో ఆ సంగతి. నాన్నగారిని మీరు అనే నేను, దేవుణ్ణి నువ్వు అనేదాన్ని. డైరీలో వాన గురించీ పుస్తకాల గురించీ రాసుకున్నాను గాని ఈ మాటలు ఎన్నడూ రాయలేదు. రాస్తే ఆయనకి సిగ్గేస్తుందేమో అనిపించేది.

దసరా సెలవులకి ఇంటికి వచ్చేసరికి అది మారిపోయింది. అవతల ఎవరూ లేరని కాదు. లేకపోతే అంత భయం వేసేది కాదు. ఎవరో ఊపిరి బిగబట్టి, నేను అక్కణ్ణుంచి వెళ్ళిపోతే బాగుండునని చూస్తున్నట్టు ఉండేది.

నాన్నగారు ఉపదేశి. మా ఇల్లు కొల్లేటి ఒడ్డున, వెదురు తడికల చర్చి పక్కనే. లంక గ్రామాల్లో సంఘస్థులు పిలిచినప్పుడల్లా ఆయన పడవ మీద వెళ్ళి ప్రార్థన చేసి వచ్చేవారు. ప్రయాణానికి మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. వెళ్ళేవాళ్ళు తమకోసం తాము ప్రార్థించుకోకూడదు. ఇంట్లో ఉండిపోయేవాళ్ళు ఒడ్డుకి వచ్చి, అందరికీ వినబడేలా, వాళ్ళని దేవుడి చేతికి అప్పగించాలి. ఆమేన్ అన్నాకే పడవ కదలాలి. ఎప్పుడూ అమ్మే చేసేది. పడవాయన మా మతం వాడు కాడు. చేపలు పట్టుకుని బతికే కుటుంబం వాళ్ళది. అయినా ఒకసారి ప్రార్థన మధ్యలో తాడు విప్పితే గడకర్ర విరిగిందట. అప్పటినుంచీ ఆమేన్ వినకుండా తాడు ముట్టుకునేవాడు కాదు. “మీ దేవుడికి కోపం తొందరండి” అని నవ్వేవాడు.

ఆ రోజు పొద్దున్నే లంక నుంచి కబురొచ్చింది. అక్కడ మా సంఘంలో పిల్ల ఒకతె కానుపయి జ్వరంతో పడి ఉంది. అయ్యగారు రావాలని అడుగుతోందట. ఆకాశం నల్లగా లేదు. ఇత్తడి చెంబు లోపలి రంగులో, పచ్చగా ఉంది. గాలి తూర్పునుంచి వెచ్చగా వీస్తోంది. రోజూ నీళ్ళలో దిగే గేదెలు గట్టుమీదే నిలబడి ఉన్నాయి. కొంగలు ఒక్కటీ కనబడలేదు.

“ఏవండీ, రేపు వెళ్ళకూడదా?” అంది అమ్మ.

“రేపటికి ఆ పిల్ల ఉండాలిగా.”

“మీరు వెళ్తే జ్వరం తగ్గుతుందా? మీరేమైనా డాక్టరా?”

“డాక్టరు గారు ఈ గాలిలో పడవెక్కనన్నారట. ఇక మిగిలిన వైద్యుణ్ణి నేనే” అని నాన్నగారు నవ్వారు.

అమ్మ నవ్వలేదు. “అయితే వెళ్ళండి. నా నోటితో మాత్రం పంపను” అని వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

అలా ఆ ప్రార్థన నా మీద పడింది. నలుగురిలో నోరు విప్పి నేనెప్పుడూ ప్రార్థన చేసి ఎరగను. ఇంట్లో వరసగా అందరూ చేసేటప్పుడు కూడా నా వంతు వస్తే ఆమేన్ ఒక్కటీ అనేసి ఊరుకునేదాన్ని. నాన్నగారు బలవంతపెట్టేవారు కాదు.

ఒడ్డున తల మీద కొంగు కప్పుకుని నిలబడ్డాను. నాన్నగారు పడవ పక్కన మోకాళ్ళ లోతు నీళ్ళలో, చేతులు కట్టుకుని కళ్ళు మూసుకున్నారు. నేనూ మూసుకున్నాను. సంఘంలో పెద్దవాళ్ళు వాడే మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. కిక్కిస గడ్డి గాలికి బుస కొడుతోంది. లోపల అదే, ఊపిరి బిగబట్టిన మౌనం.

“తొరగా చెప్పండి అమ్మాయిగోరూ, గాలి ముదిరిపోతందండి. ఆయన వింటాడు గాని అది వినదు కదండీ” అన్నాడు పడవాయన.

అప్పుడు నా నోటినుంచి వచ్చిన మాటలు నాకే కొత్తగా వినిపించాయి.

“నాన్నగార్ని నీకు అప్పజెప్పను. ఎందుకో నీకు తెలుసు. తెలిసీ నాకు చెప్పట్లేదు. నేను ఇవ్వను. నువ్వు అడిగినా సరే ఇవ్వను.”

అంతే. ఆమేన్ అనలేదు. కళ్ళు తెరిచేసరికి పడవాయన తాడు మీదనుంచి చెయ్యి తీసేశాడు.

“ఆమేన్ అన్లేదండి” అన్నాడు నాన్నగారితో, ఇప్పుడు నవ్వకుండా. “నేను రానండి అయ్యగోరూ. మా అమ్మోరు చెప్పినా రానండి.”

“పోనీలే. నేనే వెళ్తాను” అన్నారు నాన్నగారు. దగ్గరి లంకకి వెళ్ళడానికి చర్చికి తాటిమాను తొలిచి చేసిన చిన్న దోనె ఒకటి ఉండేది. పంచె పైకి కట్టి దాని వైపు నడిచారు.

“ఆ దోనెలోనా? పిచ్చాండి మీకు, అయ్యగోరూ?” అంటూ పడవాయన వెంట పరుగెత్తాడు. వంటింటి తలుపు తీసిన చప్పుడైంది.

నాన్నగారు లంకకి క్షేమంగానే చేరారు. ఆ పిల్ల బతికింది. ఆ తర్వాత మేము తాడేపల్లిగూడెం మావయ్యగారింటికి వచ్చేశాక, బిడ్డని ఎత్తుకుని మమ్మల్ని చూడటానికి వచ్చింది. ఆమె చెప్పినదాన్నిబట్టే అక్కడి సంగతి మాకు తెలిసింది. ప్రార్థన అయ్యాక వాళ్ళంతా ఉండిపొమ్మన్నారట, అన్నం తిని పొద్దున్నే వెళ్ళమన్నారట. నాన్నగారు వినలేదు. “మా అమ్మాయి భయపడుతోంది. చీకటి పడేలోగా కనబడాలి” అన్నారట.

దోనె కిక్కిసలో బోర్లాపడి దొరికింది. ఆయన దొరకలేదు.

నీ ప్రార్థన వినని దేవుడితో ఇంకా ఏం మాట్లాడతావని హాస్టల్లో నా స్నేహితురాలు అడిగింది. దెప్పడానికి కాదు, నిజంగానే అడిగింది. ఆయనతో మాట్లాడుతూనే ఉన్నానని చెప్పడానికి నోరు రాలేదు. కబుర్లు ఇప్పుడు చెప్పడం లేదు. అడుగుతున్నాను. ఒక్కొక్క రోజు గొంతు లేపి అడుగుతున్నాను.

ఆ రోజు ఒడ్డున, నాన్నగారు దోనెలో కాలు పెట్టి, మళ్ళీ దిగి, నా దగ్గరికి వచ్చారు. కోప్పడతారనుకున్నాను. ఆయన కళ్ళు తడిసి మెరుస్తున్నాయి. తడి చేత్తోనే నా తల మీది కొంగు సర్దారు.

“ఇన్నాళ్ళకి ఆయనతో నిజంగా మాట్లాడావమ్మా. నేను వచ్చేదాకా ఆపకు.”