మగ్గం కింది చెయ్యి

మొన్న మా చెల్లెలి కూతురు నన్ను మాల్‌కు తీసుకెళ్లి, ఆటలాడించే చోట నా ముఖానికి పెద్ద నల్లటి కళ్లద్దాలు బిగించింది. వాటిలో కొండలూ మేఘాలూ కనిపిస్తాయట. నేను అవేవీ చూడలేదు. చెమట పట్టిన రబ్బరు వాసన ముక్కుకు తగలగానే వాటిని లాగేసి పిల్ల చేతిలో పెట్టాను. "భయపడ్డవా పెద్దమ్మా?" అని పిల్ల నవ్వింది. ఆ వాసన రజియా ఆపా ముఖానిదని దానికెలా చెప్పను?

రజియా ఆపా, అంటే రజియా అక్క, హైదరాబాద్ దబీర్‌పురాలో మా పక్క గల్లీలో ఉండేది. చీరల మీదా షేర్వానీల మీదా జరీ పని చేసే మగ్గం ఆమెది. ఏడో తరగతితో నా చదువు ఆగిపోతే, రైల్వేలో కూలిపని చేసే మా నాన్న నన్ను తీసుకుపోయి ఆమె ఎదురుగా కూర్చోబెట్టాడు. తొంభైల చివర్లో మాట. ఈ మగ్గం తెలియనివారికి ఒక్క ముక్క చెప్పాలి: ఇది నేసేది కాదు, గుడ్డను బిగించే చెక్క చట్రం. బిగించిన గుడ్డ మీద నుంచి కుడిచెయ్యి కొక్కెం సూదిని దించుతుంది. గుడ్డ కింద ఎడమచెయ్యి దారాన్ని ఆ కొక్కేనికి మెలిపెట్టి అందిస్తుంది. మొదటిరోజు నేను వంగి కిందికి చూడబోతే ఆపా నెత్తిన ఒక్కటి మొట్టింది.

"కింద ఏం చూస్తున్నవే? నీ చెయ్యి ఏమన్న దొంగతనం చేస్తుందా?"

"దారం అందుతలేదు ఆపా."

"చూస్తే అస్సలు అందదు. దాని పని దాన్ని చేసుకోనియ్యి. నీ నజర్ గుడ్డ మీదనే ఉండాలె."

అలా పదిహేనేళ్లు కూర్చున్నాను. జరీ రంగులు కలపడం, గిరాకీతో గట్టిగానూ నవ్వుతూనూ మాట్లాడటం, అన్నీ ఆమె నేర్పినవే. పనిలో ఆమె తన ఎడమచేతిని చూసుకోవడం మాత్రం నేనెన్నడూ ఎరగను.

ఒక పొద్దున ఆమె సూది దిగింది, ఖాళీగా పైకొచ్చింది. "దారం ఎందుకు తెంపినవే?" అని నన్ను కసిరింది. నేను ముట్టుకోలేదన్నాను. మళ్లీ దించింది. మళ్లీ ఖాళీ. "మరి నీ అయ్య తెంపిండా?" అంటుండగానే ఆమె నోరు ఒక పక్కకు జారిపోయింది. వంగి చూస్తే ఎడమచెయ్యి నేల మీద వెల్లకిలా పడి ఉంది. దారం ఉండ గోడదాకా దొర్లిపోయింది. చెయ్యి పోయిన సంగతి ఆమెకే తెలియలేదు.

పక్షవాతం అన్నారు. ప్రాణం దక్కింది, మాటా నడకా వచ్చాయి. ఎడమచెయ్యి రాలేదు. భర్త లేడు, పిల్లల్లేరు. ఆ చెయ్యి రాకపోతే మగ్గం తీసేసి చాంద్రాయణగుట్టలో తమ్ముడింటికి పోవాలి. "మరదలు ముందర పళ్లెం పట్టుకొని కూసోవాల్నా?" అని గోడవైపు తిరిగి పడుకునేది.

కొన్ని నెలలకు ఒక ఆసుపత్రిలో కొత్త యంత్రం వచ్చిందని తెలిసి తీసుకెళ్లాను. కళ్లకు రబ్బరు అంచులూ వైర్లూ ఉన్న బరువైన అద్దాలు, ముందొక బల్ల, బల్ల మీదికి చూసే కెమెరా. అద్దాల్లో ఒక బొమ్మ చెయ్యి, నారింజపళ్లు కనిపిస్తాయి. మన చెయ్యి కదిలితే బొమ్మ చెయ్యి కదులుతుంది. అదంతా పక్కనున్న తెర మీద మాకూ కనిపించేది. వ్యాయామం చేయించే మేడం కోస్తా పిల్ల, ఓపికమంతురాలు. ఎనిమిది రోజుల్లో కదలిక కనబడితేనే ముందుకు సాగుతారు, లేదంటే ఇంకొకరి వంతు.

"ఎడం చేత్తో ఆ నారింజ అందుకోండమ్మా. ఆ చేతినే చూడండి."

"చూస్తున్న బిడ్డా. అదెవరి చెయ్యో ఏమో, గాజులు గూడ లేవు."

ఆపా చెయ్యి బల్ల అంచు నుంచి కిందికి జారిపోయేది. మేడం ఎత్తి పైన పెట్టేది. మళ్లీ జారేది. తెర మీద కదలిక లెక్క ఏడు రోజులూ సున్నాయే.

ఎనిమిదో రోజు మేడం కాగితాలు సర్దుతూ, "ఇంక ఆపేద్దామండీ" అంది నా చెవిలో. ఆపా చెప్పుల కోసం నేను బల్ల కిందికి వంగాను. అక్కడ ఆపా ఎడమచేతి బొటనవేలూ చూపుడువేలూ తడబడుతూ, లేని దారాన్ని లేని సూదికి మెలిపెడుతున్నాయి.

నా కేకకు పక్క గదిలోవాళ్లు పరుగెత్తుకొచ్చారు. మేడం మోకాళ్ల మీద కూలబడి చూసింది. "అయ్యో, నేను రోజూ పైకెత్తి పెట్టిన చెయ్యేనా ఇది?" అంది.

అద్దాలు పెట్టుకున్న ఆపాకు ఏమీ తెలియదు. "ఏంది లొల్లి? పాము గిట్ల వచ్చిందా?"

మేడం కెమెరా ఊడదీసి బల్ల కింద బిగించింది. తెర మీద బొమ్మ వేళ్లు కదిలాయి. అద్దాల్లో అది చూసి ఆపా "యా అల్లా!" అంది. అనగానే వేళ్లు ఆగిపోయాయి. కళ్లు మూసుకోమంటే కాసేపటికి మళ్లీ కదిలాయి. అప్పటినుంచి మేడం ముందు కళ్లు మూయించి, తర్వాత కొంచెం కొంచెంగా చూపిస్తూ పని చేయించింది. నెలలు పట్టింది. సన్నపని తిరిగి రాలేదు గానీ గొలుసుకుట్టు వచ్చింది. ఆపా బతికినన్నాళ్లూ తన ఇంట్లోనే, తన మగ్గం దగ్గరే ఉంది.

ఆ ఎనిమిదో రోజు ఆటోలో తిరిగొస్తూ ఆమె నా వైపు తిరిగింది. "ఆ పోరికి మగ్గం తెల్వదు, సరే. నువ్వు పదిహేనేండ్లు నా ఎదురుంగ కూసున్నవ్. ఎనిమిది దినాలు నా బాజూలనే ఉంటివి. ఏం చూసినవే?"

కోపంగా అడగలేదు. తెలుసుకుందామనే అడిగింది. నేనూ అందరిలాగే తెరనే చూశానని, అందరికంటే ముందే ఆశ వదిలేశానని ఆమెకు చివరిదాకా చెప్పలేకపోయాను. ఇప్పటికీ ఎవరి గురించైనా "ఇంక కాదులే" అనబోతే, ఆ మాట ఆపి, నేను చూడని చోటు ఏదన్నా మిగిలిందా అని వెతుకుతాను.