బట్టీ పేటను ఊళ్ళో కలవనివ్వని మాట

పదకొండేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇంట్లో ఎవరికీ తెలీదు. మీరెవరో నాకు తెలీదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

తమిళనాడులో తిరుత్తణి దగ్గర తెలుగువాళ్ళ పల్లె మాది. ఊరి అవతల, ఇటుకల బట్టీ పక్కన, ఒడిశా నుంచి పనికొచ్చినవాళ్ళు ఇళ్ళు వేసుకుని స్థిరపడ్డారు. తమ పేటను మా పంచాయతీలో కలపమని అడిగారు. కలిపితే వాళ్ళకు కుళాయి నీళ్ళు వస్తాయి. ఓట్లూ వస్తాయి. మాకు ఆ ఓట్లంటేనే భయం. తరాలుగా ఇక్కడే ఉన్నా, తిరువళ్ళూరు వెళితే మమ్మల్ని ఇంకా ఆంధ్రావాళ్ళనే అంటారు. మాకే ఆ మాట తప్పనప్పుడు నిన్నగాక మొన్న వచ్చినవాళ్ళకు ఊరెందుకివ్వాలి అనుకున్నాను.

గ్రామసభలో సగంమంది కలుపుకుందామన్నారు. నేను లేచాను. బట్టీలో పనిచేసే బుధియా ఒక బడిపిల్ల చెయ్యి పట్టి లాగుతుంటే చూశానన్నాను. నిజానికి ఆ పిల్ల సైకిల్ మీద నుంచి పడింది. అతను లేపి నిలబెట్టి, మోకాలి మట్టి దులిపాడు. అంతే. పిల్ల కూడా ఇంట్లో అదే చెప్పిందట. ఎవరు విన్నారు?

పేటను కలపలేదు. ఆ సాయంత్రమే మా ఊరివాళ్ళు బుధియాను కొట్టారు. కాలు విరిగింది.

మర్నాడు అతని భార్య సుకాంతి మా ఇంటికొచ్చింది. ఏళ్ళుగా నా పొలంలో నాట్లు వేస్తూ మా తెలుగు నేర్చుకున్న మనిషి.

“అక్కా, నీ కండ్లతో చూసినావా?”

“చూసినా.”

“బిడ్డ పడింటే ఎత్తినాడు. నువ్వు గట్టు మీదనే ఉండావే.”

“నాకేం తెలీదు. పో.”

ఆమె ఏడవలేదు. వారంలో కాపురం ఎత్తేశారు.

ఎందుకన్నాను ఆ మాట? భయమేనా? లేక సభంతా నావైపు తిరిగి చూడటం నాకు బాగుందా?

మొన్నటి గ్రామసభలో పేటను కలిపే సంగతి మళ్ళీ వచ్చింది. నిజం చెప్పాలనే వెళ్ళాను. నేను లేవకముందే ఎవరో కుర్రాడు నా అబద్ధాన్నే, తన మేనత్త కళ్ళారా చూసిందంటూ చెప్పాడు. అతని నోట ఒక పిల్ల ముగ్గురైంది. కలపొద్దని చేతులన్నీ లేచాయి. నాదీ లేచింది.

సుకాంతి ఎక్కడుందో తెలిస్తే వెళతానా? వెళ్ళననే అనిపిస్తోంది. బుధియా ఏ తప్పూ చెయ్యలేదు. ఇది రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. అంతకుమించి ఎవరికీ ఏమీ ఒరగదు.