ట్రాన్స్‌ఫార్మర్ కాపలాలో ఇరవై మూడు రోజులు

జూన్ మొదటి సోమవారం ఉదయం ఆరు గంటలకి పోస్టుకి చేరాను. కంకిపాడు దాటాక పంటకాలువ గట్టు మీద ఏడు కిలోమీటర్లు. కాలువ ఎండిపోయి ఉంది. గాలి లేదు. నిలబడితేనే చొక్కా వీపుకి అంటుకుంటోంది. పోస్టు అంటే వాడకంలో లేని పాత పంపుహౌస్ డాబా. పైనుంచి నాలుగు దిక్కులూ కనిపిస్తాయి. తూర్పున నూట యాభై మీటర్ల దూరంలో సిమెంటు దిమ్మె, దాని మీద ట్రాన్స్‌ఫార్మర్, చుట్టూ పచ్చగా నారుమళ్లు.

పదిహేడేళ్లు ఫిరంగి దళంలో చేశాను. మన ఊళ్లలో ఈ మాట చెప్పగానే ఎన్ని గుళ్లు పేల్చావని అడుగుతారు. నేనొక్కటీ పేల్చలేదు. నా పని కొండ మీద కూర్చుని బైనాక్యులర్‌లో చూడటం, కనిపించింది రేడియోలో చెప్పడం. ఎంత దూరం, ఎంతమంది, ఏం చేస్తున్నారు. ఆ తర్వాత సంగతి ఎక్కడో వెనకున్న ఫిరంగుల వాళ్లు చూసుకుంటారు. ఇది ముందే చెబుతున్నాను, ఎందుకంటే నేను చేసిన తప్పుకి మూలం ఇక్కడే ఉంది.

రిటైరై విజయవాడలో ఖాళీగా ఉంటే, మా పాత సుబేదార్ గారు ఫోన్ చేశారు. ఆ కాలువ పక్క ఊరి రైతుల కమిటీకి ఇద్దరు మాజీ సైనికులు కావాలట. ఆ వేసవిలో వాళ్ల ట్రాన్స్‌ఫార్మర్‌ని దొంగలు రెండుసార్లు విప్పేశారు. లోపలి రాగి తీగ, నూనె పట్టుకుపోయి డొల్ల వదిలేశారు. కొత్తది బిగించేసరికి వారాలు పట్టింది, ఈలోగా బోరు మోటారు తిరగక నారు ఎండిపోయింది. మూడోసారి కూడా పోతే కాలువకి నీళ్లొచ్చినా నాటడానికి నారుండదు. కాలువ నీళ్లు వచ్చేదాకా కాపలా కాయాలి. పగలు పన్నెండు గంటలు నేను, రాత్రి పన్నెండు గంటలు సుబేదార్ గారు.

సామాను ఇది: బైనాక్యులర్ ఒకటి, వాకీటాకీలు రెండు, లాఠీ, గొడుగు, రెండు లీటర్ల నీళ్లు, మెడలో విజిల్. మొదటి రోజే కమిటీ ప్రెసిడెంటు గారు లైసెన్సు తుపాకీ తెచ్చుకోలేదేమని అడిగారు. సుబేదార్ గారు తాపీగా చెప్పారు.

"మందుగుండు డిపో కాపలాలో కూడా కంచె కోసేవాణ్ణి పట్టుకుని పోలీసులకిచ్చామండీ. రాగి తీగ కోసం మనిషిని కాల్చం."

ప్రెసిడెంటు గారికి ఆ జవాబు రుచించలేదు. నాకు మాత్రం భలే గర్వంగా అనిపించింది.

రెండో వాకీటాకీ కోటేశ్వరరావు దగ్గర ఉండేది. యాభై దాటిన కౌలు రైతు. అతని షెడ్డు దిమ్మెకి అవతలి పక్క, చెట్ల వెనక ఉండేది. అక్కడి నుంచి దిమ్మె కనపడదు. నాకేదైనా కనిపిస్తే అతనికి చెప్పాలి, అతను ఊళ్లోవాళ్లకి ఫోన్ చేయాలి. ఏర్పాటు అంతే. రెండుసార్లు నారు పోగొట్టుకున్నవాళ్లలో అతనొకడు. రోజూ మధ్యాహ్నం వాళ్లావిడ కట్టిన క్యారియర్ పట్టుకుని డాబా ఎక్కేవాడు. గోంగూర పచ్చడి ఇంకాస్త వేసుకోమని బలవంతం చేసేవాడు. మిలిటరీవాళ్లు ఇంత తక్కువ తింటే దేశం గతేంటని ఆటపట్టించేవాడు. మంచివాడు. ఇప్పటికీ ఆ మాటే అంటాను.

తొమ్మిదో రోజున షెడ్డు నుంచి దిమ్మె దాకా ఒక నల్ల తీగ కనిపించింది. మోటార్లకిచ్చే కరెంటు పొద్దున ఐదు నుంచి మధ్యాహ్నం రెండు దాకానే ఉంటుంది. ఆ తర్వాత ట్రాన్స్‌ఫార్మర్‌లో ప్రాణం ఉండదని ఆ చుట్టుపక్కల చిన్నపిల్లలకి కూడా తెలుసు. దొంగలకి ఇంకా బాగా తెలుసు. షెడ్డులో లైటుకీ ఫ్యానుకీ వచ్చే కరెంటు మాత్రం ఎప్పుడూ ఉంటుంది. కమిటీవాళ్లు దాన్ని తీగతో తెచ్చి ట్రాన్స్‌ఫార్మర్ ఇనప డబ్బాకి కలిపారు. షెడ్డు గోడకి స్విచ్చు పెట్టారు.

సుబేదార్ గారు తీసేయమన్నారు. చిన్న జెర్కు తగిలి పారిపోతాడు, అంతకంటే ఏం కాదండీ అన్నారు ప్రెసిడెంటు గారు. సుబేదార్ గారు మళ్లీ మాట్లాడలేదు. ఆయన మౌనాన్ని నేను అనుమతి కింద తీసుకున్నాను. నిజానికి నాకు బుర్ర లేక కాదు. రెండింటి దాకా మోటారు తిరిగితే దిమ్మె చుట్టూ నేల చిత్తడిగా ఉంటుందని రోజూ చూస్తున్నవాణ్ణి. తడి నేల మీద నిలబడ్డవాడికి తగిలేది చిన్న జెర్కు కాదని నాకు తెలుసు. అడగలేదు కాబట్టి చెప్పలేదు.

ఇరవై మూడో రోజు. మబ్బు, ఉక్కపోత. రెండింటికి మోటారు ఆగింది. రెండు నలభైకి గట్టు మీద ఒక మోపెడ్ ఆగింది. మనిషి ఒక్కడే. ఖాకీ చొక్కా. రెండు ఖాళీ డబ్బాలు, ఒక గోనెసంచి. నలభై ఏళ్లుంటాయి, నా ఈడువాడే. చెప్పులు గట్టు మీద విడిచి, నారు తొక్కకుండా గట్టు వెంబడే నడిచి దిమ్మె దగ్గరికి వచ్చాడు.

కుడి చేయి ఎత్తి, వేళ్ల వెనక వైపుతో డబ్బాని తాకాడు. పసిపిల్లకి జ్వరం ఉందేమోనని నుదురు తాకి చూస్తామే, అలాగే. తీసి, కాస్త ఆగి, మళ్లీ తాకాడు. కరెంటు లేదని రూఢి చేసుకుని చేయి చొక్కాకి తుడుచుకున్నాడు. తర్వాత రెంచి తీశాడు.

వాకీటాకీ నొక్కాను.

"ఒక్కడు. దిమ్మె దగ్గర. ఓవర్."

"కరెంటు లైన్‌మ్యానేమో చూడండి బాబూ."

"కాదు. నూనెకి డబ్బాలు తెచ్చాడు. రెంచి పెట్టాడు. ఓవర్."

గరగరలోంచి కోటేశ్వరరావు గొంతు, బాగా తగ్గించి.

"మరి నొక్కమంటారా?"

"రెండు చేతులూ డబ్బా మీదే ఉన్నాయి. ఓవర్."

ఇదీ నేనిచ్చిన జవాబు. ఔననలేదు. వద్దనలేదు. పదిహేడేళ్ల అలవాటు కొద్దీ కనిపించింది చెప్పాను.

షెడ్డులో స్విచ్చు పడింది. మనిషి అరవలేదు. బిగుసుకుపోయాడు, అంతే. రెంచి కింద పడింది, చేతులు మాత్రం ఊడి రాలేదు. నేను వాకీటాకీలో ఆపు, ఆపు అని కేకలు పెట్టాను. కోటేశ్వరరావు కంగారులో తన వాకీటాకీ మీట నొక్కే ఉంచాడని తర్వాత తెలిసింది. అలా నొక్కి ఉంచితే అవతలి మాట వినపడదు. అప్పుడు గుర్తొచ్చింది, మెడలో విజిల్ ఉందని. ఊదాను. కరెంటు ఆగింది. మనిషి పక్కకి పడిపోయాడు.

ఆ విజిల్ రెండు నిమిషాల ముందు ఊదితే అతను మోపెడ్ ఎక్కి పారిపోయేవాడు. నారు దక్కేది, ట్రాన్స్‌ఫార్మర్ దక్కేది, మనిషీ దక్కేవాడు. ఎందుకు ఊదలేదని నన్ను నేను చాలాసార్లు అడిగాను. ఇరవై మూడు రోజులు ఎండలో కూర్చున్నాను. ఒక్కసారి వాడికి బుద్ధి రావాలనిపించింది. అది నిజం. అది ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

డాబా దిగి పరుగెత్తాను. గుండె మీద రెండు చేతులూ పెట్టి, మిలిటరీలో నేర్పినట్టు నొక్కుతూనే ఉన్నాను. అంబులెన్సు రావడానికి ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. ఆసుపత్రిలో అప్పటికే పోయాడన్నారు.

అంబులెన్సు గట్టు దాటకముందే ప్రెసిడెంటు గారు తీగ చుట్టేయమన్నారు. దొంగతనానికి వచ్చి షాకు కొట్టి పోయాడని రాయిద్దాం అన్నారు. కోటేశ్వరరావు తీగ పట్టుకున్నాడు గానీ చుట్టకుండా అక్కడే వదిలేశాడు. ఫోన్ చేస్తే సుబేదార్ గారు బనీను మీదే బండేసుకుని వచ్చారు. అంతా విన్నారు. తొమ్మిదో రోజు తాను గట్టిగా చెప్పాల్సిందని, ఆ తప్పు తనదని అన్నారు. తర్వాత నా వైపు తిరిగారు.

"రిపోర్టు పూర్తిగా ఇవ్వు. నీ మాటతో సహా."

ఎస్సై గారికి పూర్తిగా ఇచ్చాను. తీగ, స్విచ్చు, వాకీటాకీ, నా మాట, సమయాలతో సహా. కేసులో కోటేశ్వరరావు పేరు మొదటిది, నాది రెండోది. పోయినవాడిది ఉయ్యూరు దగ్గర ఊరు. ఒకప్పుడు లైను పనులు చేయించే కాంట్రాక్టరు దగ్గర కూలీగా చేశాడట, ఆ పని పోయిందట. కరెంటుని చేతి వెనకతో చూడాలని అక్కడ నేర్చుకుని ఉంటాడు. అరచేత్తో తాకితే పట్టేసుకుంటుంది, వెనక వైపుతో తాకితే చేయి దానంతటదే వెనక్కొస్తుంది. పని తెలిసిన మనిషి.

ఆ ఊళ్లో నాతో ఎవరూ మాట్లాడరు. దొంగని వెనకేసుకొచ్చి రైతుని ఇరికించానంటారు. మా నారు ఎండినప్పుడు ఏ ఎస్సై వచ్చాడని ఒకాయన నిలదీశాడు. వాళ్ల కష్టం అబద్ధం కాదు. కానీ పోయినవాడి చేతిలో రెంచి తప్ప మరేం లేదు. అతని వల్ల ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదు. సరిహద్దులో తుపాకీ పట్టుకుని వచ్చినవాడి మీద కాల్పులకి కూడా మాకు నియమాలుండేవి. ఇక్కడ చెప్పులు విడిచి, నారు తొక్కకుండా వచ్చినవాడికి మేము ఒక్క కేక కూడా వేయలేదు. తుపాకీ ఇచ్చి ఉంటే నేను కాల్చేవాణ్ణి కాదు. తీగ కాబట్టి, స్విచ్చు ఇంకొకడి చేతిలో ఉంది కాబట్టి, నేను కాల్చడం లేదనుకున్నాను.

కాలువకి నీళ్లొచ్చాయి. ఆ ఊరంతా నాట్లు పడ్డాయి. నేను విజయవాడ తిరిగొచ్చాను. వాయిదాలకి వెళ్లినప్పుడు కోర్టు వరండాలో ఒకే బల్ల మీద కూర్చుంటాం, కోటేశ్వరరావూ నేనూ. ఇప్పటికీ క్యారియర్‌లో నాకూ కలిపి తెస్తాడు. మొన్న మూత తీస్తూ, నా వైపు చూడకుండా అన్నాడు.

"నేను అడిగాను కదా బాబూ. వద్దంటే ఆగేవాణ్ణి."

అన్నం కలుపుకున్నాను.

గత వారం మా చిన్నమ్మాయికి జ్వరం వచ్చింది. వాళ్లమ్మ వంటింట్లో ఉండి, కాస్త నుదురు చూడమంది. పక్కన కూర్చుని చేయి ఎత్తాను. వేళ్ల వెనక వైపు పిల్ల నుదుటి దాకా వెళ్లి ఆగిపోయింది. నాన్నా, వేడిగా ఉందా అని పిల్ల అడుగుతోంది. నాకు కనిపిస్తున్నది మాత్రం ఖాకీ చొక్కా మనిషి, రెండోసారి తాకి చూసి, ఇక భయం లేదనుకుని చేయి చొక్కాకి తుడుచుకోవడం.